ఒక్కసారే అడిగారు

ఉద్యోగంలో పైకి రావడం ఎలాగో షైనీకి నేర్పింది నాగదుర్గాప్రసాద్ గారే. ఆ మాట ఆమె ఎక్కడైనా, ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న ప్రతిసారీ వెంటనే మాట మార్చేస్తుంది.

రాజోలులో ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉంది వాళ్ల ల్యాబు. రొయ్యల మేత అమ్మే కంపెనీ తెరిచిన ల్యాబు అది. చుట్టుపక్కల రైతులు మంచినీళ్ల సీసాల్లో చెరువు నీళ్లూ, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బతికున్న రొయ్యలూ పట్టుకుని మెట్లెక్కి వస్తారు. నీళ్లలో ఉప్పు ఎంతుంది, అమ్మోనియా ఎంతుంది, రొయ్యకి జబ్బేమైనా తగిలిందా అన్నది చూసి చెప్పడం అక్కడి పని. షైనీ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయిన ఏడాదే అక్కడ చేరింది. అప్పటికే ప్రసాద్ గారు ఆ ల్యాబుకి పెద్ద దిక్కు. తెరిచిన రోజు గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టింది ఆయనే.

చేరిన కొత్తలో షైనీ ఫలితాలు కాగితం మీద రాసి రైతు చేతికిచ్చి, తల దించుకుని తన పని తాను చేసుకునేది. లెక్కలన్నీ సరిగ్గా ఉంటే చాలనుకునేది. ఓ రోజు ఒక పెద్దాయన ఆ కాగితం పట్టుకుని చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ప్రసాద్ గారు ఆయన్ని కూర్చోబెట్టి, మాట్లాడి పంపించి, షైనీ దగ్గరకొచ్చారు.

"చెరువు పోయిందన్న మాట కాగితం చెప్పకూడదు షైనమ్మా. మనిషి చెప్పాలి. ముందు కుర్చీ వెయ్యి. మంచినీళ్లివ్వు. అప్పుడు చెప్పు. చెప్పేక, ఇప్పుడేం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు. రైతు ఎవర్ని వెతుక్కుంటూ మెట్లెక్కుతాడో కంపెనీ కూడా వాళ్లనే వెతుక్కుంటూ వస్తుంది."

ఆ మాట అక్షరాలా నిజమైంది. రెండు పంటలు తిరిగేసరికి "ఆ షైనీ గారున్నారాండీ?" అని అడిగి మరీ వచ్చే రైతులు తయారయ్యారు. ఆమెకి ఆయన సార్ కాకుండా పోయి, అన్నయ్య గారయ్యారు. ఆయన భార్య రమణి గారు వదిన గారయ్యారు.

చెరువుల్లో ప్రాణవాయువు బాగా తగ్గిపోయేది తెల్లవారుజామున. సూర్యుడు రాకముందే వెళ్లి కొలవాలి. ఇద్దరూ వంతులేసుకుని స్కూటీ మీద గట్ల వెంబడి తిరిగేవారు. షైనీకి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఆమె వంతు కూడా ప్రసాద్ గారే తిరిగారు. ఆమె అడగలేదు. "నాకెలాగూ ఆ వేళకి నిద్ర పట్టదులే అమ్మా" అన్నారాయన. అది అబద్ధమని ఆమెకి తెలుసు. మధ్యాహ్నం మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆయన కునికిపాట్లు పడేవారు. ఆ గతుకుల దారుల్లో తిరిగీ తిరిగీ ఆయనకి నడుంనొప్పి పట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

పాప పుట్టింది. జెమీమా అని పేరు పెట్టారు. ఆరో నెలలో మొదటిసారి జలుబు చేసినప్పుడు పాప గుండెల్లో పిల్లికూతలు వినిపించాయి. అప్పటి నుంచి చలిగాలి తగిలినా, పక్కింటివాళ్లు కొబ్బరిపీచు తగలబెట్టినా ఆయాసమే. అదీ సరిగ్గా తెల్లవారుజామునే. డాక్టరు గారు మందుని ఆవిరిలా పట్టే నెబ్యులైజర్ ఇచ్చారు. ఇంట్లో పాపని చూసుకునే షైనీ తల్లి రాహేలుకి ఆ యంత్రమంటే భయం. భర్త జయప్రకాష్ అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోవాలి. షైనీ చీకట్లో గట్టు మీద కూర్చుని నీళ్లలోకి మీటరు దించుతూ, ఈపాటికి పాప డొక్కలు ఎగరేస్తోందేమో, అమ్మ ఏం చేస్తోందో అనుకునేది. మీటరులో అంకె చూసి, ఇంకేదో ఆలోచిస్తూ, మళ్లీ చూసేది.

అలాంటి రోజుల్లోనే కంపెనీ కొత్త మేనేజరు నిఖిలేష్ గారు ల్యాబు చూడటానికి వచ్చారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చి స్థిరపడిన మనిషి. వయసులో షైనీకన్నా ఒకటి రెండేళ్లు పెద్ద, అంతే.

మధ్యాహ్నం భోజనం రమణి గారు పంపారు. చింతచిగురు రొయ్యలు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. ప్రసాద్ గారు స్వయంగా వడ్డించారు.

"ఇంకొంచెం వేసుకోండి సార్."

"చాలు సార్. కడుపు నిండింది."

"అలాగంటే ఎలాగండీ? ఇంటికెళ్లేక మా ఆవిడ అడిగితే నేనేం చెప్పాలండీ?"

నిఖిలేష్ గారు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టారు. అప్పటికే గరిటె వంగిపోయింది. కూర కాస్తా ఆయన వేళ్ల మీద పడింది.

"చాలంటే చాలు సార్! మా దిక్కు చాలంటే ఇగ వెయ్యరు."

"మా వైపు చాలు అన్నాకే వెయ్యడం మొదలెడతామండీ" అన్నారు ప్రసాద్ గారు. అందరూ నవ్వారు. షైనీ మేనేజరు గారి చేతికి నీళ్లు పోసింది.

చేతులు తుడుచుకుంటూనే నిఖిలేష్ గారు అసలు సంగతి ఎత్తారు. "ప్రసాద్ సార్, ఈ ల్యాబుకు ఇన్‌చార్జిని పెడ్తున్నం. సీనియర్ మీరే. తీసుకుంటరా?"

ప్రసాద్ గారు కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. "అబ్బెబ్బే, నాకెందుకండీ ఈ వయసులో ఇవన్నీ. చదువుకున్న పిల్లలున్నారు కదండీ" అన్నారు.

ఆ మాటకి అర్థం షైనీకి తెలుసు. కోనసీమలో పుట్టిన ఎవరికైనా తెలుసు. కుర్చీ వేసినా, కాఫీ ఇచ్చినా, పదవి ఇచ్చినా మొదటిసారి వద్దనాలి. వెంటనే సరే అంటే దీనికోసమే కాచుకు కూర్చున్నాడంటారు. అప్పుడు ఇచ్చేవాళ్లు "మీరు కాకపోతే ఇంకెవరండీ" అనాలి. తీసుకునేవాళ్లు ఇంకోసారి నసగాలి. మూడోసారి "మీరంతగా చెబుతుంటే కాదనడం బాగోదు గనక" అని ఒప్పుకోవాలి. షైనీ పెళ్లిచూపుల్లో జయప్రకాష్ వాళ్ల నాన్నగారు జంతికలు వద్దు వద్దంటూనే పళ్లెం ఖాళీ చేశారు.

నిఖిలేష్ గారు మాత్రం "ఓకే సార్, మీ ఇష్టం" అనేసి ఫోను చూసుకోవడంలో పడ్డారు. ప్రసాద్ గారి కళ్లద్దాలు తుడవడం పూర్తయిపోయింది. అయినా వాటిని పెట్టుకోలేదు. చేతిలో పట్టుకుని అలాగే కాసేపు కూర్చున్నారు.

కారు దాకా సాగనంపడానికి షైనీ ఒక్కతే మెట్లు దిగింది. నిఖిలేష్ గారు డోరు తీసి, ఆగారు.

"మేడం, మీకు ఆయన మంచిగ తెలుసు కదా. నిజంగనే వద్దంటున్నరా?"

మళ్లీ అడగండి సార్ అంటే సరిపోయేది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ రోజు తెల్లవారుజామునే పాప పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం చూసి, అలాగే వదిలేసి, ఆమె స్కూటీ ఎక్కింది. ఇన్‌చార్జికి చెరువుల వంతు ఉండదు. తొమ్మిదింటికి వచ్చి ల్యాబులో కూర్చోవచ్చు.

"ఆయన అంతేనండీ. వద్దంటే వద్దనే" అంది షైనీ. అంతటితో ఆగినా బాగుండేది. "నడుంనొప్పి కూడా ఉందండీ ఆయనకి" అని కూడా అంది.

"మరి మీరు చేస్తరా?"

"చేస్తానండీ."

జన్మలో మొదటిసారి ఆమె మొదటి పిలుపుకే సరే అంది. "గుడ్. క్లారిటీ ఉన్నది మీకు" అని మెచ్చుకుని ఆయన కారెక్కారు.

ఆర్డరు వచ్చిన రోజు ప్రసాద్ గారు తాపేశ్వరం కాజాలు తెచ్చి ల్యాబులో అందరికీ పంచారు. అద్దాల గదిలో కుర్చీ తానే తుడిచి, "కూర్చో షైనమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేక, ఏదో ఫోను వచ్చినట్టు బయటికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆయన పదిమందిలో "మేడం గారు" అనడం మొదలుపెట్టారు. వెటకారం లేదు. పదవికి ఇవ్వాల్సిన మర్యాద అది. వెటకారమైతే ఆమెకి కాస్త తేలికగా ఉండేది.

రాహేలు మాత్రం పొంగిపోయింది. "ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెప్పిద్దామే" అంది.

"వద్దమ్మా. ఇప్పుడెందుకు?"

"అలాగంటావేంటే? దేవుడిచ్చిన మేలు దాచుకుంటారా ఎవరైనా?"

"వద్దన్నానా!"

కూతురు మొహమాటపడుతోందనుకుంది రాహేలు. ఆదివారం నాడు పాస్టరు గారు షైనీ పేరు చదివి, కష్టపడి పైకొచ్చిన బిడ్డ అన్నారు. సంఘమంతా ఆమె వైపు చూసింది. షైనీ ప్రార్థనలో ఉన్నట్టు తల వంచుకుంది. పాప పైటకొంగు నోట్లో పెట్టుకుని నములుతుంటే అది విడిపించడంలో పడినట్టు నటించింది.

ఇప్పుడు తెల్లవారుజామున ఆమె ఇంట్లోనే ఉండేది. పాప మూతికి మాస్కు పెట్టి, ఆవిరి లోపలికి వెళ్తుంటే, కూతలు తగ్గడం చెవి ఆనించి వినేది. తగ్గగానే గుండె కుదుటపడేది. ఆ వెంటనే ప్రసాద్ గారు ఈపాటికి ఏ గట్టు మీదున్నారో అనిపించేది. ఆమె ఖాళీ చేసిన చోటికి ఇంకా ఎవరూ రాలేదు. రెండు వంతులూ ఆయనే తిరుగుతున్నారు.

"ఆయన వద్దన్నారు కదా. నువ్వు లాక్కోలేదు కదా" అన్నాడు జయప్రకాష్.

"మొదటిసారి వద్దన్నారండీ. ఒక్కసారే అడిగేరు."

ఆ మాటకి అర్థం జయప్రకాష్‌కీ తెలుసు. అతనిదీ ఆ వైపే కదా. "పాప సంగతి కూడా ఆలోచించుకోవాలి మరి" అని చొక్కా తొడుక్కుని బస్సుకి వెళ్లిపోయాడు.

వానలు పట్టాక ఓ పొద్దున ప్రసాద్ గారు గట్టు మీద జారి పడ్డారు. నడుం పట్టేసింది. డాక్టరు మంచం దిగకూడదన్నారు. ఆ సాయంత్రం షైనీ బత్తాయిలు కొనుక్కుని వాళ్లింటికి వెళ్లింది.

"రండి రండి. ఇన్‌చార్జి గారు మా ఇంటికొచ్చేరు" అన్నారు రమణి గారు. నవ్వుతూనే అన్నారు. కుర్చీ వేశారు. "కాఫీ తాగుతారా?"

"వద్దు వదిన గారూ, ఇప్పుడే తాగొచ్చేను."

"సరే అయితే" అని రమణి గారు ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు.

 ఆ ఇంట్లో అన్నేళ్లుగా షైనీ ఒక్కసారి వద్దని కాఫీ తప్పించుకున్నది లేదు. వద్దంటున్నా గ్లాసు చేతిలో పెట్టేసే మనిషి రమణి గారు. ఇప్పుడు ఇంకోసారి అడగకుండా కూర్చుండిపోయారు. ఆ వైపు ఆడమనిషి ఇంటికొచ్చినవాళ్లని అంతకన్నా గట్టిగా కొట్టలేదు.

"ఆ సారొచ్చి వెళ్లేక వారం పాటు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నారమ్మా మీ అన్నయ్య" అన్నారు రమణి గారు, బత్తాయిల సంచి వైపు చూస్తూ. "స్నానానికెళ్తా నా చేతికిచ్చి, ఆ సారు చేస్తే తలుపు కొట్టవే అన్నారు. ఫోనొకటి మోగితే కంపెనీవాళ్లేననుకుని సబ్బు నురగతో బయటికొచ్చేసేరు. చేసిందెవరయ్యా అంటే, సిమ్ కార్డు వాళ్లు."

"రమణీ!" గదిలోంచి ప్రసాద్ గారు కేకేశారు. "ఆ అమ్మాయిని లోపలికి పంపు."

ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఆమెని చూసి లేచి కూర్చోబోయి, లేవలేక మొహం చిట్లించారు. షైనీ నిలబడే మొదలుపెట్టింది. ఇంటి దగ్గర నుంచి కూడబలుక్కుంటూ వచ్చిన మాటలన్నీ చెదిరిపోయాయి.

"అన్నయ్య గారూ, ఆ రోజు కిందకెళ్లేక సారు నన్ను అడిగేరండీ. మీరు నిజంగానే వద్దంటున్నారా అని. నేను..."

"తెలుసులే అమ్మా."

"ఎవరు చెప్పేరండీ?"

"ఎవరు చెప్పాలి? నువ్వెళ్లిన కాసేపటికి పైకొచ్చేవు. వచ్చేక నావైపు చూళ్లేదు. ఆర్డరొచ్చేక సంగతి అర్థమైంది."

ఆయనకి తెలిసే కాజాలు పంచారు. తెలిసే కుర్చీ తుడిచారు.  షైనీ పక్కనే ఉన్న బియ్యం డబ్బా మీద కూలబడింది.

"నేను వద్దని రాసిచ్చేస్తానండీ. ఆ పోస్టు మీరే తీసుకోండి."

"వద్దమ్మా."

"మీరు కాకపోతే ఇంకెవరండీ అన్నయ్య గారూ. ల్యాబు మీది."

"వద్దు."

"అలా అనకండి. నాకోసమైనా..."

ప్రసాద్ గారు మొహం ఆమె వైపు తిప్పారు. "షైనమ్మా, ఆ రోజు నేనన్న వద్దు వేరు. ఇది వేరు. ఇది నువ్వెన్నిసార్లడిగినా ఇంతే." గొంతు పెంచలేదు. "పిల్లదాని కోసం తీసుకున్నావు. నీకు పొద్దున్నపూట పాప దగ్గరుండాలి. అది నాకు తెలీదనుకున్నావా? నాతో ఒక్క ముక్క అనుంటే నేనే సారుతో చెప్పేవాణ్ణి కదమ్మా, ఈ అమ్మాయికివ్వండి అని."

 అవును, ఆయన చెప్పేవారు. అడిగితే ఆయనే ఇచ్చేదాన్ని షైనీ అడగకుండా తీసుకుంది. పాప కోసం అన్న మాట ఇన్నాళ్లూ ఆమెకి ఆసరాగా ఉండేది. ఇప్పుడది కూడా పోయింది. ఏడవడానికి కూడా సిగ్గేసి పైటకొంగు పళ్ల మధ్య బిగబట్టింది.

"ఏడవకు. ఇటు విను" అన్నారాయన. "సఖినేటిపల్లిలో కొత్త సెంటరు తెరుస్తున్నారంట. దానికి జగ్గారావుని అడుగుతారంట సారు."

జగ్గారావు వాళ్ల కంపెనీలోనే రేవు వైపు చెరువులు చూసే మనిషి.

"వాడు నాకన్నా మొహమాటస్తుడు. పెళ్లిభోజనంలో ఉప్పు అడగడానిక్కూడా సిగ్గుపడతాడు. ముగ్గురాడపిల్లలు వాడికి. నువ్వు సారుకి ఫోను చేసి, మావాళ్లని ఒక్కసారి అడిగి ఊరుకోకండి అని చెప్పు. అంతే. నా ఊసెత్తకు."

"ఆయ్ అండీ" అంది షైనీ.

కాలవ పక్కన స్కూటీ ఆపి ఆమె ఫోను తీసింది. మెసేజ్ పెట్టేద్దామా అనుకుంది. మెసేజ్ అయితే అవతలివాళ్లు ఎదురు ప్రశ్న వేయరు. కాసేపు ఆ తెర వైపు చూసి, నంబరు నొక్కింది.

"సార్, జగ్గారావు గార్ని అడిగినప్పుడు ఆయన వద్దంటారండీ. మళ్లీ అడగండి. అప్పుడూ వద్దంటారు. మూడోసారికి గాని ఇక్కడ అసలు మాట రాదండీ."

నిఖిలేష్ గారు గట్టిగా నవ్వారు. "ఇదేం పద్ధతి మేడం? కావాలంటే కావాలనాలె గదా."

"మర్యాదండీ. ఆశపడ్డారంటారని."

నవ్వు ఆగింది. "ఆగుండ్రి. మరి ప్రసాద్ సారు?"

ఆయన సంగతి వేరండీ అనొచ్చు. తన ఊసెత్తొద్దని ఆయనే అన్నారు కూడా. అది ఆయన మాట నిలబెట్టినట్టే అవుతుంది. ఆ వాక్యం అలా నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆ రోజు కారు దగ్గర అన్న వాక్యం కూడా ఇంత తేలిగ్గానే వచ్చింది.

"ఆయనదీ అంతేనండీ" అంది షైనీ.

"అది మీకప్పుడు తెల్వదా?"

"తెలుసండీ."

 కొబ్బరికాయల లోడు లారీ ఒకటి పక్కనుంచి వెళ్లింది. లైను తెగిపోయిందేమో అనుకుంది షైనీ.

"నేను మిమ్మల్నే అడిగిన గదా మేడం."

"ఆయ్ అండీ. నన్నే అడిగేరు. నాకే కావాలనిపించి అలా చెప్పేనండీ."

"సోమవారం వస్త. మాట్లాడదాం" అని ఫోను పెట్టేశారాయన. కోపమో కాదో ఆ గొంతులో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి రాహేలు వాకిట్లో పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. "ఎలా ఉన్నారే ఆ బాబు గారు?" అంది.

"ఇప్పట్లో లేవలేరమ్మా. రేపటి నుంచి చెరువులకి నేనే వెళ్లాలి."

"నువ్వా? ఇన్‌చార్జివి కదే! మరి పాపకి ఆయాసమొస్తేనో?"

షైనీ చెప్పులు విడిచి లోపలికెళ్లి నెబ్యులైజర్ తెచ్చి చాప మీద పెట్టింది. "కూర్చో. నీకు నేర్పిస్తాను."

"నావల్ల కాదే తల్లీ. అది మోగితేనే నాకు గుండెదడ."

"కూర్చో అమ్మా."

"చెయ్యి వణుకుతుందే."

"వణకనీ. కూర్చో."

రాహేలు పాపని ఒళ్లో వేసుకుని కూర్చుంది. షైనీ ఆ చేతిని పట్టుకుని, మాస్కు అంచు చిన్న ముక్కుకీ గడ్డానికీ సరిగ్గా ఆనేలా పెట్టించింది. యంత్రం గుర్రుమంది. పాప ఒకసారి ఉలిక్కిపడి, అమ్మమ్మ మొహం చూసి, ఊరుకుంది.

"ఇలాగా?" అంది రాహేలు, ఊపిరి బిగబట్టి.

"కొంచెం పైకి. ఆ, అలాగే పట్టుకో."